సిమెంట్ బస్తాకు 5 రూపాయల కమీషన్ హలాలేనా? ఓనర్ ఓవర్‌టైమ్ ఎగ్గొడుతుంటే?

సైట్_పర్చేజ్:
అస్సలాము అలైకుం. హైదరాబాద్‌లో ఒక బిల్డర్ దగ్గర మెటీరియల్ తెప్పించే పని నాది. సిమెంట్ సప్లయర్ బస్తాకు 5 రూపాయలు నాకు విడిగా ఇస్తానంటున్నాడు. బిల్లులో పడదు, మా బావమరిది నంబరుకు ఫోన్‌పే చేస్తాడట. రేటు మార్కెట్ రేటే. మా ఓనర్ చూస్తే నెలల తరబడి ఓవర్‌టైమ్ డబ్బులు ఇవ్వడం లేదు. తీసుకుంటే హరామ్ అవుతుందా?

గుంటూరు_భాయ్:
రేటు పెంచనప్పుడు ఓనర్‌కు పోయిందేముంది? ప్రవక్త (స) కూడా కానుకలు స్వీకరించేవారు. ఈ లైన్లో తీసుకోనివాడు ఎవడు చెప్పు.

కడప_టు_కువైట్:
అందరూ తీసుకుంటున్నారంటే హలాల్ అయిపోదు భాయ్. ఇబ్నుల్ లుత్బియ్యా సంగతి గుర్తుందా? అజ్ద్ తెగవాడు. బనూ సులైం తెగవాళ్ల దగ్గర జకాత్, అంటే విధిగా ఇవ్వాల్సిన దానం, వసూలుకు ప్రవక్త (స) పంపారు. తిరిగొచ్చి లెక్క అప్పజెబుతూ "ఇది మీది, ఇది నాకు కానుకగా ఇచ్చారు" అన్నాడు. ప్రవక్త (స) మసీదులో ప్రసంగించే మింబర్ ఎక్కి అందరి ముందూ అడిగారు: అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక అతని దగ్గరకు వచ్చేదా అని. అలా తీసుకున్నవాడు ప్రళయదినాన దాన్ని మెడ మీద మోసుకొస్తాడు, ఒంటె అయితే ఒంటె, ఆవైతే ఆవు, అరుస్తూ. ప్రవక్త (స) మాటలు, చేతలు నమోదైన హదీసు గ్రంథాలు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. రేపు నువ్వు ఈ ఉద్యోగం మానేస్తే ఆ సప్లయర్ నీ ఫోన్ ఎత్తుతాడా?

గుంటూరు_భాయ్:
అది జకాత్ సొమ్ము, జనం సొమ్ము. దాన్ని తెచ్చి ప్రైవేటు బిల్డర్‌కు అంటగడితే ఎలా? చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసు ఓనర్లకు ఎవరూ వినిపించరు, నీతులన్నీ పనివాడికే. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడికి ప్రళయదినాన తానే ప్రత్యర్థినని అల్లాహ్ అన్నట్టు బుఖారీలోనే ఉంది. ఇంకోటి. అబూ సుఫ్యాన్ పిసినారి, ఇంటి ఖర్చుకు సరిపడా ఇవ్వడం లేదని ఆయన భార్య హింద్ ఫిర్యాదు చేస్తే, నీకూ నీ పిల్లలకూ న్యాయంగా సరిపడేంత తీసుకో అన్నారు ప్రవక్త (స). మరి ఇతను తన ఓవర్‌టైమ్ తీసుకుంటే తప్పేంటి?

మదర్సా_కుర్రాడు:
హింద్ హదీసు తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. రావలసిన బాకీని చెప్పకుండా తీసుకోవచ్చా అన్నదాని మీద పండితులకు పాత వివాదమే ఉంది. ఇస్లామీ న్యాయశాస్త్ర శాఖల్లో షాఫియీలు షరతులతో ఒప్పుకుంటారు. మరో శాఖ హంబలీల్లో ప్రసిద్ధమైన అభిప్రాయం కూడదనే. "నిన్ను మోసగించినవాడిని నువ్వు మోసగించకు" అన్న హదీసు వాళ్ల ఆధారం. కానీ భాయ్, షాఫియీ దారిలో వెళ్లినా నీ వాదన ఇక్కడ నిలవదు. హింద్ తీసుకుంది భర్త సొమ్ము. ఇక్కడ 5 రూపాయలిచ్చేది సప్లయర్, ఓవర్‌టైమ్ బాకీ ఉన్నది ఓనర్. రెండూ వేరే ఖాతాలు. ఓనర్ రేపు మొత్తం బాకీ తీర్చేస్తే సప్లయర్ ఇవ్వడం ఆపుతాడా? ఆపడు. ఎందుకంటే అది నీ కూలి కాదు, వచ్చే లోడు కూడా తన దగ్గరే తెప్పించడానికి ఇస్తున్నది. ఇక రేటు పెంచలేదంటున్నారు. బస్తాకు 5 వదులుకోగలిగినవాడు ఆ 5 బిల్లులోనే తగ్గించగలడుగా. బేరమాడి తగ్గించడానికే నీకు జీతం. బావమరిది నంబరు ఎందుకు కావలసి వచ్చిందో కూడా ఆలోచించు.

కడప_టు_కువైట్:
ఓవర్‌టైమ్‌కు లేబర్ ఆఫీసు ఉంది. హాజరు పుస్తకం ఫోటోలు తీసి పెట్టుకో, ముందు రాతపూర్వకంగా అడుగు. హక్కు అడగడానికి సిగ్గెందుకు?

సైట్_పర్చేజ్:
సప్లయర్‌ను బిల్లులోనే 5 తగ్గించమంటాను. ఆ బిల్లు ఓనర్ ముందు పెట్టి, ఓవర్‌టైమ్ లెక్క కూడా అప్పుడే తీస్తాను.

గుంటూరు_భాయ్:
తియ్యి. ఆ 5 మిగిలిందని ఓనర్ సంతోషపడి, ఓవర్‌టైమ్ మాటెత్తగానే వచ్చే నెల చూద్దాం అంటాడు. అప్పుడు మళ్లీ ఇక్కడ రాయి.