నడుస్తున్న మెట్రోకి కొత్త సొరంగం ఎట్లా కలుపుతారు?

అందరికీ నమస్తే. మాది హనుమకొండ, సివిల్ మూడో సంవత్సరం. సెమినార్‌కి భూగర్భ మెట్రో పొడిగింపు తీసుకున్నా, ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. 2019లో కోల్‌కతా బౌబజార్‌లో సొరంగంలోకి నీళ్లు, మట్టి కొట్టుకొచ్చి పైన ఇళ్లు కుంగాయి కదా, అక్కడిది మెత్తటి నేల, అది అర్థమైంది. నా డౌటు మన దగ్గరలాంటి నేల గురించి. కింద గ్రానైట్, పైన మొరం ఉన్నచోట సొరంగం తవ్వే మిషన్ ముఖం (ముందున్న తిరిగే భాగం) సగం రాయిలో, సగం మట్టిలో ఉంటే రాయివైపు కట్టర్లు అరిగిపోతాయి, మట్టివైపు ఎక్కువ ఊడిపడి పైన రోడ్డు కుంగుతుంది, మరి మట్టి ఊడిపడకుండా ఆపడానికి ముఖం దగ్గర ఒత్తిడి ఎంత పెట్టాలో ఎట్లా తేలుస్తారు? ఇంకోటి, పాత చివరి స్టేషన్‌లో రైళ్లు నడుస్తుండగానే గోడ ఎట్లా పగలగొడతారు? సైటులో పనిచేసినవాళ్లు చెప్పండన్నా (వరంగల్‌కి మెట్రో ఎప్పుడని మాత్రం నన్ను అడగొద్దు).