సొంత పేపర్లోని పేరా మళ్లీ వాడితే అదీ కాపీయేనా?

శ్వేతపత్రం:
జర్నల్ నుంచి మా మాన్యుస్క్రిప్ట్ తిరిగొచ్చింది. సిమిలారిటీ, అంటే ఇదివరకే అచ్చయిన వాటితో మాటలు కలిసినది, 27 శాతం ఉందట, తగ్గించి పంపమన్నారు. రిపోర్ట్ తెరిచి చూస్తే ఎర్రబడిందంతా దాదాపు మెథడ్సే. మూడేళ్ల కిందటి మా పేపర్లోని పేరా అది. రక్తం తీశాం, 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాం, ప్లాస్మా వేరుచేసి మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచాం. అదే పని మళ్లీ చేశాం, అవే మాటల్లో రాశాం. నా ఇంట్లో నేనే దొంగనా?

గీతదాటను:
పాత పేపర్ని రిఫరెన్స్‌గా ఇచ్చారా లేదా? ముందు అది చెప్పండి.

శ్వేతపత్రం:
ఇచ్చాను. డిస్కషన్‌లో.

గీతదాటను:
డిస్కషన్‌లో ఇస్తే మెథడ్స్‌కి సరిపోదు. ఆ పేరా దగ్గరే చెప్పాలి.

రాత్రిడ్యూటీ:
27కే టెన్షన్ పడితే ఎలా? మాది 41 వచ్చింది, యాక్సెప్ట్ అయింది.

లెక్కలపంతులు:
ఆ అంకె పట్టుకుని వేలాడకండి. సాఫ్ట్‌వేర్ మాటలు ఎక్కడ కలిశాయో చూపిస్తుందంతే, దొంగతనమో కాదో తేల్చదు. సెట్టింగ్ మార్చకపోతే రిఫరెన్సుల పట్టికనీ లెక్కేస్తుంది. 30 శాతం ఉన్నా ఏ తప్పూ లేకపోవచ్చు, 4 శాతంలోనే పక్కవాడి రిజల్ట్స్ పేరా మొత్తం ఉండొచ్చు. అంకె తగ్గించాలని మాటలు మారిస్తే ఇంకో ముప్పు. బ్రెస్ట్ క్యాన్సర్‌ని 'బోసమ్ పెరిల్' అని మార్చిన పేపర్లు 2021లో బయటపడ్డాయి, చూశారుగా. సెంట్రిఫ్యూజ్ అన్న మాటకి పర్యాయపదం వెతికితే నవ్వులపాలే.

గీతదాటను:
పంతులుగారూ, మెథడ్స్ విషయంలో కోప్ (ప్రచురణ నైతికత చూసే సంస్థ) మార్గదర్శకాలే కొంత వెసులుబాటు ఇచ్చాయి, ఎక్కణ్నుంచి తీసుకున్నామో చెబితే. నేను కాదనలేదు. నా భయం మాటల గురించి కాదు, రోగుల గురించి. అదే డేటాని రెండు చోట్ల కొత్తదానిలా వేస్తే, తర్వాత మెటా ఎనాలిసిస్ చేసేవాళ్లు, అంటే పలు అధ్యయనాల ఫలితాలు కలిపి లెక్కేసేవాళ్లు, ఒకే మనిషిని ఇద్దరిగా లెక్కేస్తారు. వాంతులు ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ విషయంలో ఇదే జరిగింది. గుట్టుగా రెండోసారి వేసిన డేటాని కలిపి లెక్కేస్తే మందు ప్రభావం 23 శాతం ఎక్కువగా కనిపించిందని 1997లో బీఎంజే అనే వైద్య జర్నల్‌లో తేల్చారు. శ్వేతపత్రం గారూ, పాత పేపర్లోని రోగులు ఇందులోనూ ఉన్నారా?

మూడోపేరు:
అందరూ వాక్యాల మీదే పడ్డారు. నా సంగతి వినండి. ఒక ట్రయల్‌కి ఏడాదిన్నర పాటు ఫారాలు నింపాను, ఫాలోఅప్ ఫోన్లు చేశాను. డ్రాఫ్ట్‌లో నాది మూడో పేరు. అచ్చయ్యాక చూస్తే ఆ చోట వార్డు గడప తొక్కని పెద్దాయన. నేనేమో 'సహకరించిన వారికి కృతజ్ఞతలు'లో ఉన్నాను, అదీ పేరు లేకుండా. దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపించింది?

గీతదాటను:
బాధాకరమే. కానీ అది వేరే విషయం, వేరే థ్రెడ్ పెట్టుకోండి.

మూడోపేరు:
వేరే విషయం కాదు. శ్వేతపత్రం గారూ, ఆ పేరా ఎవరు రాశారు?

శ్వేతపత్రం:
మా టీమ్.

మూడోపేరు:
టీమ్ టైప్ చెయ్యదు కదండీ. కూర్చుని రాసిందెవరు?

శ్వేతపత్రం:
అప్పటి రీసెర్చ్ అసిస్టెంట్. ఆ పేపర్లో ఆవిడ పేరు వేశాం. తర్వాత మానేసి వెళ్లిపోయారు. మీకెవరో అన్యాయం చేశారని నన్ను బోనెక్కిస్తే ఎలా? నేనడిగింది 27 శాతం గురించి.

మూడోపేరు:
'సొంత' పేరా అన్నది మీరే. రాసింది ఆవిడ, కొత్త పేపర్లో ఆవిడ పేరే లేదు. ఇక అది సొంతం ఎలా అయింది? శాంపిల్స్ కూడా ఆవిడ ఉన్నప్పటివేనా?

శ్వేతపత్రం:
సగం దాకా. అయితే ఏంటి? జీతం తీసుకుని చేసిన పని అది. పైగా ఈ డ్రాఫ్ట్ ఆవిడ చూడనైనా లేదు. తుది ఆమోదం ఇవ్వనివాళ్ల పేరు వెయ్యకూడదని ఐసీఎంజేఈ (వైద్య జర్నళ్ల ఎడిటర్ల కమిటీ) నియమమే ఉంది.

రాత్రిడ్యూటీ:
అమ్మో, పాయింటే.

గీతదాటను:
పాయింట్ కాదు, సగం నియమం. షరతులు నాలుగు: అధ్యయన రూపకల్పనలోనో డేటా సేకరణలోనో విశ్లేషణలోనో గణనీయమైన పాత్ర, రాయడమో గట్టిగా దిద్దడమో, తుది ఆమోదం, ప్రశ్న వస్తే జవాబుదారీ. నాలుగూ ఉండాలన్నది నిజమే. కానీ మొదటిది తీరినవాళ్లకి మిగతావాటిలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని కూడా అక్కడే ఉంది. డ్రాఫ్ట్ చూపించకుండా, చూడలేదు కాబట్టి పేరు లేదంటే కుదరదు. జీతం ప్రసక్తి ఆ నాలుగింటిలో ఎక్కడా లేదు. ఇంతకీ ఆ సగం మంది పాత పేపర్లో ఉన్నారా అన్న నా ప్రశ్నకి జవాబు రాలేదు.

లెక్కలపంతులు:
ఒక్కటి గుర్తుంచుకోండి. రక్తం తీసిన ప్రతివాళ్లూ రచయితలైపోరు. ఆ పని ఒక్కటే అయితే కృతజ్ఞతల్లో పేరు చాలు. పేరంటే భారం కూడా. 2020లో సర్జిస్పియర్ అనే కంపెనీ ఇచ్చిన డేటాతో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో 96 వేల మంది రోగుల పేపర్ వచ్చింది. అసలు డేటాని ఆడిట్ చేయించలేక నలుగురు రచయితల్లో ముగ్గురు రెండు వారాల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు.

మూడోపేరు:
మంచి ఉదాహరణే. అక్కడ డేటా చూడనివాళ్లకి పేర్లున్నాయి. ఇక్కడ చూసిన మనిషికి లేదు.

శ్వేతపత్రం:
సరే, ఒప్పుకుంటా. ఆవిడ విశ్లేషణలో కట్‌ఆఫ్‌లు (ఎక్కువో తక్కువో తేల్చే హద్దులు) కూడా మార్చి చూశారు, అది ఉత్త రక్తం తీసే పని కాదు. నిన్న రాత్రి డ్రాఫ్ట్ పంపాను. పాత ఆఫీస్ మెయిల్ కదా, బౌన్స్ అయింది. సోమవారం గడువు.

మూడోపేరు:
ఫోన్ నంబర్ ఉంటుందిగా.