పాత లాప్‌టాప్: ముందు ర్యామ్ పెంచాలా, వేడి సంగతి చూడాలా?

రాజురా_ఫారాలు:
అన్నలకు నమస్తే. ఐ5-5300యూ ప్రాసెసరున్న పాత లాప్‌టాప్. 4 జీబీ ర్యామ్ ఒక్కటే ఉన్నది, రెండో స్లాటు ఖాళీ. హార్డ్‌డిస్కే, ఎస్‌ఎస్‌డీ లేదు. విండోస్ 10. పనేమో సాత్‌బారా ఉతారాలు (భూమి రికార్డు నకళ్ళు) తీసుడు, ఆన్‌లైన్ ఫారాలు నింపుడు, స్కానింగు. క్రోమ్‌ల పది పదిహేను ట్యాబులు తెరిచే ఉంటయి. పొద్దున బాగనే నడుస్తది. మధ్యాహ్నం రెండు దాటినంక ఫ్యాను గోల మొదలైతది, మౌస్ ఆగి ఆగి కదుల్తది, రెండుసార్లు దానంతటదే బందయింది.

దుకాణంల 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ సస్తాగ ఇస్తమన్నరు. లేబుల్ మీద 1.5 వోల్ట్ అని ఉన్నది. "అన్నీ ఒక్కటే, పడుతది" అంటున్నరు. తీసుకోవచ్చా? కూలింగ్ ప్యాడ్ కొంటే వేడి ఆగుతదా? ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు (వేడిని బయటికి పంపే పూత) మార్చుడు ఇంట్ల చేసుకునే పనేనా?

ఇంకోటి, పెద్ద సంగతేం కాదు. టచ్‌ప్యాడ్ ఇదివరకులెక్క టక్కుమనట్లేదు, గట్టిగయింది. అది తర్వాత చూసుకుంట.

ప్రాణహిత_బిట్లు:
ఆ ర్యామ్ తీసుకోకండి. 5300యూ 1.35 వోల్ట్ ర్యామ్‌తోనే పనిచేస్తుంది. లేబుల్ మీద పీసీ3ఎల్-12800ఎస్ అని ఉండాలి. ఆ "ఎల్" అక్షరమే ప్రాణం. అది లేని 1.5 వోల్ట్ ర్యామ్ స్లాటులో చక్కగా దిగుతుంది, గాడి కూడా అదే, కానీ తెర నల్లగానే ఉంటుంది. ఇంకా పాత తరాల లాప్‌టాప్‌లు కొన్నిటిలో రెండు రకాలూ నడిచేవి. దుకాణంవాళ్ళు "అన్నీ ఒక్కటే" అనేది ఆ అలవాటు కొద్దీ. డీడీఆర్4 అయితే ఎక్కనే ఎక్కదు. దానికి 260 పిన్నులు, మీదానికి 204.

ఈ ప్రాసెసర్‌కు ఇంటెల్ చెప్పిన గరిష్ఠం 16 జీబీ. మీ పనికి అంత అక్కర్లేదు. కొనేముందు ఒకటి చూడండి. పని ముమ్మరంగా ఉన్నప్పుడు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరవండి. "కమిటెడ్" దగ్గర రెండు అంకెలుంటాయి. మొదటిది 6, 7 జీబీ చూపిస్తుంటే, ఉన్న 4 జీబీ చాలక మిగతాది హార్డ్‌డిస్కు మీదికి పోతోందన్నమాట. మౌస్ ఆగి ఆగి కదలడంలో సగం దోషం దీనిదే అయ్యుంటుంది. ఉన్న 4 పక్కన ఇంకో 4 వేస్తే 8 జీబీ, రెండు ఛానళ్ళూ (ర్యామ్‌కు, ప్రాసెసర్‌కు మధ్య దారులు) నడుస్తాయి. 4 పక్కన 8 వేసినా తప్పేం లేదు. మొదటి 8 జీబీ జంటగా, చివరి 4 ఒంటరిగా పనిచేస్తాయి. నేనైతే 8 వేయమంటాను. డబ్బులు ఒక్కదానికే సరిపోతే మాత్రం ర్యామ్ కన్నా ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. 2.5 అంగుళాల సాటా రకం, 7 మిల్లీమీటర్ల మందం.

సిస్టమ్ ప్రాపర్టీస్‌లో 32-బిట్ అని ఉంటే ఎంత ర్యామ్ వేసినా 4 జీబీ దాటి వాడుకోదు. ముందు 64-బిట్ విండోస్ ఎక్కించాలి.

బిగించేటప్పుడు: షట్‌డౌన్ చేసి, చార్జరు పీకి, అడుగు మూత తీయగానే మొదట బ్యాటరీ కనెక్టరు విడదీయండి. తర్వాత పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టండి. ర్యామ్‌ను ఏటవాలుగా లోపలికంటా తోసి, ఆ తర్వాతే కిందికి వంచాలి. రెండు పక్కల క్లిప్పులూ టక్కుమనాలి. బంగారు గీతలు ఇంకా బాగా బయటికి కనిపిస్తుంటే పూర్తిగా దిగలేదని. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర రావడానికి మామూలుకన్నా ఆలస్యం కావచ్చు. ఒక నిమిషం ఆగండి, వెంటనే బటన్ నొక్కేయకండి. రాత్రికి మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌లో తప్పులు పట్టే ప్రోగ్రామ్) పెన్‌డ్రైవ్ మీద నడిపించండి. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌ల దాకా నడుస్తుంది, అది చాలు. ఒక్క తప్పు చూపించినా ఆ ర్యామ్ తిరిగిచ్చేయాల్సిందే. అందుకే బిల్లు లేకుండా కొనకండి. అక్కడ ఎల్ రకం దొరక్కపోతే బల్లార్షాలో రైలెక్కితే సికింద్రాబాద్ సీటీసీ, లేదా నాగ్‌పూర్ సీతాబర్డీ, రెండు చోట్లా కంప్యూటర్ దుకాణాలుంటాయి.

మానిక్‌గఢ్_ఫ్యాను:
ర్యామ్ సంగతి పైన వచ్చేసింది. కానీ మధ్యాహ్నం మాత్రమే ఆగిపోతోందంటే అది ర్యామ్ జబ్బు కాదు. 4 జీబీ పొద్దున్న కూడా 4 జీబీయే కదా.

ముందు కొలవండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వేగం చూపించే ప్రోగ్రామ్) వేసి సెన్సర్లు తెరవండి. కోర్ ఉష్ణోగ్రత, పక్కనే "థర్మల్ థ్రాట్లింగ్" (వేడికి వేగం తగ్గించుకోవడం) ఎస్ అనో నో అనో, కింద ప్రాసెసర్ వేగం (క్లాక్) ఉంటాయి. 5300యూకి ఇంటెల్ హద్దు 105 డిగ్రీలు, కొన్ని లాప్‌టాప్‌లు అంతకన్నా ముందే వేగం తగ్గించుకుంటాయి. వేగం మామూలుగా 2.3 గిగాహెర్ట్జ్, టర్బోలో (అవసరానికి తనంతట తాను పెంచుకునే వేగం) 2.9. ఉష్ణోగ్రత 60 దగ్గరే ఉండి వేగం 0.8 దగ్గర ఇరుక్కుంటే అది వేడి కాదు, చార్జరు తంటా. లాప్‌టాప్ గుర్తుపట్టని చార్జరు పెడితే కొన్ని కంపెనీల మోడళ్ళు ప్రాసెసర్‌ను అలా కట్టేస్తాయి. ఇది చూసుకోకుండా పేస్టు మార్చి మార్చి విసిగిపోయేవాళ్ళున్నారు.

ఇక మన ఎండ. హీట్‌సింకు (చిప్పు వేడిని లాగే రాగి భాగం) ఏదైనా గదిలో గాలి కన్నా చల్లబరచలేదు. గాలి 25 డిగ్రీలున్నప్పుడు 75 దగ్గర ఆగే చిప్పు, అదే పనికి గాలి 45 ఉంటే 95కు చేరుతుంది. మేలో చంద్రపూర్ జిల్లాలో 45 వింతేం కాదు. కాబట్టి చలికాలంలో "బాగానే ఉంది" అనిపించే లాప్‌టాప్ ఇక్కడ ఎండాకాలం పరీక్ష తప్పుతుంది. పైన బొగ్గుగనుల దుమ్ము, కూలర్ గాలిలోని తేమ. రెండూ కలిసి ఫ్యానుకు, రాగి రెక్కలకు మధ్య కంబళి ముక్కలా అట్టకడతాయి. బయటి జాలీలోంచి ఎంత ఊదినా అది కదలదు, ఊదితే ఇంకా బిగుసుకుంటుంది. ఫ్యాను మూత స్క్రూలు తీసి పట్టకారుతో ఆ అట్టను లాగేయాలి. తర్వాత మెత్తటి బ్రష్. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపండి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగు పాడవుతుంది. పంక్చర్ దుకాణం కంప్రెసర్ వద్దే వద్దు. అందులో నీళ్ళు, నూనె కలిసి వస్తాయి.

పేస్టు ఇంట్లో చేసుకునే పనే. హీట్‌సింకు స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. విప్పేటప్పుడు 4 నుంచి వెనక్కి, బిగించేటప్పుడు 1 నుంచి ముందుకు, ఒక్కోటి కొంచెం కొంచెంగా. ఒక్క మూలే పూర్తిగా బిగిస్తే చిప్పు అంచు విరుగుతుంది. దానికి పైన లోహపు కవచం లేదు, ఉత్త సిలికానే. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కాఫీ ఫిల్టర్ కాగితం లాంటి పోగులు రాలని గుడ్డ. కొత్త పేస్టు బియ్యపుగింజంత చాలు, పల్చగా మొత్తం పరచండి. ఆ ప్యాకేజీ మీద రెండు చిప్పులు కనిపిస్తాయి. పెద్దది ప్రాసెసరు, చిన్నది చిప్‌సెట్. చిన్నదాని మీద మెత్తటి ప్యాడ్ ఉంటే అదే మందంది మళ్ళీ వేయాలి. 0.5 బదులు 1 మిల్లీమీటరుది వేస్తే హీట్‌సింకు పైకి లేచి పెద్ద చిప్పుకు ఆనదు, ముందుకన్నా ఎక్కువ కాలుతుంది. "పేస్టు మార్చినంక ఇంకా వేడెక్కింది" అనే ఫిర్యాదుల వెనక తరచూ ఇదే ఉంటుంది. పేస్టు బదులు లిక్విడ్ మెటల్ (ద్రవలోహం) జోలికి పోకండి. అది కరెంటును పారనిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది.

కూలింగ్ ప్యాడ్ డబ్బు దండగ అనను గానీ చివర్లో కొనాల్సింది. వెనక కాళ్ళ కింద రెండు సీసా మూతలు పెట్టి ఎత్తితే దాని లాభంలో చాలా భాగం ఊరికే వస్తుంది.

రాజురా_ఫారాలు:
కొలిచిన అన్నా. గది 41, కోరు 98, థ్రాట్లింగ్ ఎస్ అన్నది. వేగం 1.4కు పడిపోయింది. కమిటెడ్ 6.8. ఒరిజినల్ చార్జరే. కూలర్ ఎదురుంగ పెడితే మంచిదా చెడ్డదా?

సిరొంచ_రేవు:
ఎదురుంగ వద్దు తమ్మీ. కూలర్ గాలి చల్లగుంటది, అది లాప్‌టాప్‌కు మంచిదే. కాని తుంపర్లు, గడ్డి పోగులు లోపలికి పోతయి. మన బోరు నీళ్ళల్ల ఉప్పు ఎక్కువ, తుంపర ఆరినంక బోర్డు మీద తెల్లగ పేరుకుంటది. గది మొత్తం చల్లబడేటట్టు పెట్టు, కిటికీ కొంచెం తెరువు, లాప్‌టాప్ పక్కకు ఉంచు.

పేస్టు విషయంల ఒక్క మాట కలుపుత. పలుచటి పేస్టులు ఉత్త సిలికాన్ మీద నిలువయి. వేడికి సాగి, చల్లారి ముడుచుకొని, అంచులకు జారిపోతయి. చిక్కటిది తీసుకో. పేస్టు బదులు వేసే, వేడికి కరిగే పీటీఎం7950 షీటు అసలుది దొరికితే అది ఇంకా మంచిది. కత్తిరించే ముందు పది నిమిషాలు ఫ్రిజ్‌ల పెట్టు, ప్లాస్టిక్ పొర సులువుగ ఊడుతది. ఒకసారి వేడెక్కి కరిగి సర్దుకున్నంకనే దాని పనితనం తెలుస్తది, మొదటి గంటల నిరాశ పడకు.

ఇవన్నీ చేసేదాక ఈ రోజే చేసుకునేది ఒకటున్నది. పవర్ ఆప్షన్స్‌ల అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్, మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 తీసి 99 పెట్టు. టర్బో బందయితది, వేగం 2.3 దాటదు. ఫారాలు నింపుటానికి అది చాలు. 98 దాక పోయి 1.4కు పడిపోయేకన్న 2.3 మీద నిలకడగ నడుసుడే నయం.

కాజీపేట_లైన్:
అందరూ ఒకటి వదిలేశారు. టచ్‌ప్యాడ్ గట్టిపడిందన్నారు కదా, అది "తర్వాత చూసుకునేది" కాదు. చాలా మోడళ్ళలో టచ్‌ప్యాడ్ కిందే బ్యాటరీ ఉంటుంది. వేడికి ఉబ్బి పైకి తోస్తే టక్కుమనడం ఆగిపోతుంది. లాప్‌టాప్‌ను సమంగా ఉన్న బల్ల మీద పెట్టి మూలల మీద నొక్కండి. ఊగుతోందా? మూత అంచులో సందు కనిపిస్తోందా? ఏ ఒక్కటైనా అవునంటే ఈ రోజు నుంచే చార్జింగ్ పెట్టకండి, దాని మీద పని చేయకండి.

ఆపేసి, చల్లారాక విప్పండి. కనెక్టరు ముందు ఊడదీయాలి. తర్వాత బ్యాటరీ స్క్రూలు. అంటుకుని ఉంటే ప్లాస్టిక్ కార్డుతో నెమ్మదిగా లేపండి. స్క్రూడ్రైవర్ మొనతో పొడవకండి, వంచకండి, గుచ్చి గాలి తీయాలని చూడకండి. గుచ్చితే మంటే. తీసినదాన్ని ఇసుక ఉన్న ఇనుప బకెట్లో వేసి ఎండ తగలని చోట, ఇంటి బయట ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వండి. చెత్తబండిలో వేయొద్దు. కొత్తది పాతదాని మీదున్న పార్ట్ నంబరు, వోల్టేజీ చూసి కొనండి. ఈ లోగా బ్యాటరీ లేకుండా చార్జరు మీద చాలావరకు నడుస్తాయి, కానీ కరెంటు పోతే నింపుతున్న ఫారం పోతుంది. యూపీఎస్ ఉంటే దానికి తగిలించండి. కొన్ని మోడళ్ళు బ్యాటరీ లేకపోతే వేగం తగ్గించుకుంటాయి. అప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో తక్కువ వేగం కనిపిస్తే కంగారుపడి మళ్ళీ పేస్టు విప్పకండి.

అడుగు మూత ఎలాగూ తీస్తున్నారు. బ్యాటరీ బాగుందో లేదో చూశాకే ర్యామ్‌కు ఆర్డరివ్వండి. మోడల్ నంబరు ఇక్కడ రాస్తే బ్యాటరీ పార్ట్ నంబరు వెతికిపెడతాను.