కోర్టు అమీనా (జప్తు వారెంటును అమలు చేసే కోర్టు ఉద్యోగి) ఇంటికి వచ్చినప్పుడు తలుపు తీయాలా? మన హక్కులు ఏమిటి?

ప్రశ్న – పెరంబూరు వాసి

అందరికీ నమస్కారం. మేము చెన్నైలోని పెరంబూరులో అద్దె ఇంట్లో ఉంటున్నాము. మా అన్నయ్య కొన్నేళ్ల క్రితం తన స్నేహితుడు రాసిన ప్రోనోటుకు జామీనుగా సంతకం పెట్టాడు. ఆ స్నేహితుడు ఊరు విడిచి వెళ్లిపోయాడు. అప్పిచ్చిన వ్యాపారి దావా వేసి ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది హాజరు కాకపోవడంతో ఇచ్చే తీర్పు) తెచ్చుకున్నాడన్న సంగతి మొన్న మంగళవారం వరకు మాకు తెలియనే తెలియదు. సమన్లు మేము ఎప్పుడో ఖాళీ చేసిన వ్యాసర్‌పాడి ఇంటికి వెళ్లాయట.

మంగళవారం పగలు పదకొండు గంటలకు కోర్టు అమీనా, వ్యాపారి మనిషి కలిసి వచ్చారు. ఇంట్లో మా వదిన, పిల్లలు మాత్రమే ఉన్నారు. భయపడి ఆమె తలుపు తీయలేదు గానీ కిటికీలోంచి కాగితానికి ఫోటో తీసింది. గురువారం రాత్రి ఏడున్నరకు ఆ వ్యాపారి మనిషి అమీనా లేకుండా మరో ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చి, టీవీ, కుట్టుమిషను ఎత్తుకుపోతామని కేకలు వేయడంతో, చుట్టుపక్కల వాళ్ల ముందు పరువు పోతుందని వదిన పదివేల రూపాయలు ఇచ్చి పంపేసింది. రసీదు ఇవ్వలేదు.

మళ్లీ వస్తే తలుపు తీయాలా? వదిన జాకెట్లు కుట్టే మిషనును, ఆమె మంగళసూత్రాన్ని, నేను కొన్న ఫ్రిజ్‌ను తీసుకుపోగలరా? అన్నయ్యను అరెస్టు చేస్తారా?

జవాబు 1 – కొడంబాక్కం మిత్రుడు

తలుపు తీయకండి. నివాస గృహం తలుపు పగలగొట్టే అధికారం అమీనాకు లేదు. నాలుగు సార్లు తిరిగి వాళ్లే విసిగిపోతారు.

జవాబు 2 – పాత గుమాస్తా

పైన మిత్రులు చెప్పినది సగమే నిజం. ఆ సగాన్ని నమ్ముకుంటే ఈ కుటుంబానికి నష్టం జరుగుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. నేను ప్యారిస్ కార్నరు దగ్గర ఒక న్యాయవాది వద్ద చాలా ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 62వ సెక్షను ప్రకారం, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు జప్తు కోసం ఎవరూ నివాస గృహంలోకి ప్రవేశించకూడదు. బయటి తలుపును పగలగొట్టకూడదన్న మాటా అందులోనే ఉంది. అయితే ఆ ఇంట్లో నివసిస్తున్నది బాకీదారుడే (డిక్రీ ఎవరి మీద ఉందో ఆ వ్యక్తే) అయి, అతడు లోపలికి రానివ్వకుండా అడ్డుకుంటే ఆ రక్షణ పోతుంది. మీ ఇంట్లో ఉంటున్నది మీ అన్నయ్యే గదా. ఒకసారి సక్రమంగా లోపలికి వచ్చాక, వస్తువులు ఉన్నాయని నమ్మడానికి కారణం ఉన్న ఏ గది తలుపునైనా తెరిపించవచ్చు. అమీనాను నెట్టివేయడం, సామాను లాక్కోవడం వంటివి చేస్తే ప్రభుత్వోద్యోగిని అడ్డుకున్నారన్న క్రిమినల్ కేసు అదనంగా మీద పడుతుంది.

కాబట్టి పగటిపూట అమీనా వస్తే ముందుగా గుర్తింపు కార్డును, వారెంటును చూపమని మర్యాదగా అడగండి. వారెంటు మీద కోర్టు ముద్ర, సంతకం, ఇ.పి. (డిక్రీ అమలు పిటిషను) నంబరు, ఏ తేదీలోగా అమలు చేయాలన్న గడువు ఉంటాయి. అందులో ఉన్న పేరు, చిరునామా మీవేనా, గడువు దాటిందా అన్నవి చూసుకోండి.

గురువారం రాత్రి వచ్చిన మనిషి సంగతి పూర్తిగా వేరు. డిక్రీ చేతిలో ఉన్నా, అప్పిచ్చినవాడు గానీ అతని మనుషులు గానీ సొంతంగా ఇంట్లోకి వచ్చి ఒక చెంచాను కూడా ముట్టుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే జప్తు చేసే అధికారం కోర్టు సిబ్బందిదే. అలాంటివారికి తలుపు తీయనక్కరలేదు. గొడవ చేస్తే 112కు ఫోను చేయండి.

ఇక వస్తువుల విషయం. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు జప్తుకు లోబడవని 60వ సెక్షను చెబుతోంది. మతాచారం ప్రకారం స్త్రీ విడువకూడని ఆభరణాలు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి గనుక మంగళసూత్రం గురించి బెంగ అక్కరలేదు. టీవీకి మాత్రం అలాంటి రక్షణ లేదు. మిషను వదినగారి సొంతమైతే, ఫ్రిజ్ మీదైతే, అవి బాకీదారుడి ఆస్తి కావు. బిల్లులు చూపి ఆ మాటను అమీనా నివేదికలో రాయమని అడగండి. అయినా జప్తు చేస్తే 21వ ఆర్డరు 58వ రూలు కింద మీరు, వదినగారు మీ పేర్లతో కోర్టులో క్లెయిము వేసుకోవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ఇచ్చింది; 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు.

డబ్బు డిక్రీకి స్త్రీలను అరెస్టు చేయకూడదు. అన్నయ్య విషయంలోనైనా మామూలుగా ముందు నోటీసు ఇచ్చి, చెల్లించే స్తోమత ఉందో లేదో కోర్టు విచారించాలి. స్తోమత లేక కట్టలేకపోయినంత మాత్రాన జైలుకు పంపడం సరికాదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టినది ఆ పదివేల రూపాయలు. డిక్రీ బాకీని కోర్టులో జమ చేయాలి, లేదా బ్యాంకు ద్వారానో, రాతపూర్వక సాక్ష్యం ఉండేలాగానో చెల్లించి ఆ సంగతిని కోర్టు రికార్డులో నమోదు చేయించాలి. నమోదు కాని చెల్లింపును అమలు చేసే కోర్టు లెక్కలోకి తీసుకోదు. అందుకు పిటిషను వేయడానికి చెల్లించిన రోజు నుంచి 30 రోజులే గడువు.

జవాబు 3 – అంబత్తూరు ఉద్యోగి

జామీను సంతకం వల్ల నేనూ ఈ బాధ పడ్డాను. అసలు అప్పు తీసుకున్నవాడిని ముందు పట్టుకోండని వాదించి చూశాను గానీ లాభం లేకపోయింది, ఎందుకంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీనుదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. కట్టిన తర్వాత అతని మీద దావా వేసి రాబట్టుకోవచ్చునన్నది ఒక్కటే ఊరట.

చివరికి నా జీతం నుంచి కోత పెట్టారు. అదీ ఇష్టం వచ్చినంత కాదు: మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు మనకే వదిలిపెట్టాలి. లెక్కకు తీసుకునే జీతం 25,000 అనుకుంటే నెలకు 8,000కు మించి పట్టుకోలేరు, ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు పట్టాక ఆ డిక్రీకి జీతాన్ని ఇక ముట్టుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫోటోను పెద్దది చేసి చదివించాము. అది సిటీ సివిల్ కోర్టు జప్తు వారెంటే, గడువుకు ఇంకా పన్నెండు రోజులు ఉంది. సమన్లు అందలేదు కదా, ఆ డిక్రీని రద్దు చేయమని అడగవచ్చా?

పాత గుమాస్తా

అడగవచ్చు. 9వ ఆర్డరు 13వ రూలు కింద పిటిషను వేయండి. సమన్లు సక్రమంగా అందనప్పుడు, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు లెక్క. మీకు మంగళవారమే తెలిసిందనడానికి ఆ ఫోటో మీది తేదీ పనికివస్తుంది గనుక దాన్ని చెరిపేయకండి. వ్యాసర్‌పాడి ఇల్లు ఎప్పుడు ఖాళీ చేశారో చూపే అద్దె ఒప్పందం, పాత గ్యాసు బిల్లు వంటివి కూడా జత చేయండి. పిటిషను వేసినంత మాత్రాన జప్తు ఆగదు, స్టే విడిగా అడగాలి. కొంత సొమ్ము జమ చేయమని కోర్టు షరతు పెట్టవచ్చు, అందుకు సిద్ధపడి వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు

సోమవారం అన్నయ్య, నేను న్యాయవాదిని కలవబోతున్నాము. కుట్టుమిషను బిల్లు దొరికింది, వదిన పేరు మీదే ఉంది. ఫ్రిజ్ బిల్లు కోసం ఇంకా వెతుకుతున్నాము.