ఈ వారం సమస్య: "ఆమెనన్నవారి కబ్బె శుభము"

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలు రాసి పద్యానికి అర్థం కుదర్చడమే పూరణ. పైకి చదివితే తప్పుమాటలా ఉంటుంది. మనకు 'అనడం' అంటే తిట్టడం కూడా కదా, "నన్నెన్ని మాటలందో" అంటాం, అలా ఆమెను తిట్టినవాళ్లకి మంచి జరిగిందని అర్థం వస్తుంది. విరుపు మారిస్తే ఆమెన్ + అన్నవారు, అంటే ప్రార్థన చివర ఆమెన్ అనేవాళ్లు. తెలుగు బైబిల్లో ఈ మాట 'ఆమేన్' అని దీర్ఘంతో ఉంటుంది, కానీ దీర్ఘం పెడితే మొదటి గణమే చెడిపోతుంది, అందుకే నోటి వాడుకలో వినిపించే పొట్టి రూపం తీసుకున్నాను. సమస్య అచ్చుతో మొదలవుతోంది కాబట్టి మూడో పాదం చివర విసంధి (సంధి కలపకుండా వదిలేయడం) ఉన్నా ఈసారి తప్పుపట్టను.

తెనాలి తమ్ముడి పూరణ:

పల్లె బాగు కోరి పాస్టరు దీవింప
వాన కొఱకు జనులు వంగి వినిరి
కన్ను మూసి కలిసి కంఠమొక్కటిగాను
ఆమెనన్నవారి కబ్బె శుభము

తమ్ముడూ, చాలా బాగుంది. 'పాస్టరు' అని వాడుకమాటే వేయడం నాకు నచ్చింది, దాన్ని సంస్కృతంలోకి తిప్పి ఉంటే పద్యం బరువెక్కేది. అన్నిటికంటే నచ్చింది రెండో పాదంలో 'వినిరి'. నాలుగో పాదంలో అనడానికి ముందే రెండో పాదంలో విన్నారు. ఆమెన్ అనే మాటకి ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం, మిగతా పూరణల దగ్గర మళ్లీ చెప్తాను.

రాజమండ్రి నుంచి కొత్తగా చేరిన చెల్లెలు (ఆటవెలది రాయడం ఇదే మొదటిసారట):

కడుపు కాలుచుండఁ గన్నులు మూసితి
మూఁత తీయు వేళ ముగిసె ననిరి
పళ్ళెమందినంత పరమ సంతోషాన
ఆమెనన్నవారి కబ్బె శుభము

గణాలు, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో అక్షరంతో కుదిరే పొత్తు) అన్నీ సరిపోయాయమ్మా, మొదటి పద్యానికి ఇది చిన్న విషయం కాదు. చిన్నప్పుడు క్రిస్మస్ భోజనాల దగ్గర ప్రార్థన ఎప్పుడు ముగుస్తుందా అని ఒక కన్ను కొంచెం తెరిచి చూసిన పిల్లలందరికీ ఈ పద్యం తెలుసు. కానీ భావంలో ఒక పేచీ ఉంది. ఆమెన్ అంటే 'ముగిసింది' అని అర్థం తీసుకున్నావు. చాలామంది అలాగే అనుకుంటారు, ఎందుకంటే అది ఎప్పుడూ చివర్లోనే వినిపిస్తుంది. హీబ్రూలో దీని ధాతువుకి గట్టిగా నిలవడం, ఆనుకోవడానికి పనికిరావడం అనే అర్థాలున్నాయి. అందులోంచే నమ్మకం అనే మాట పుట్టింది. యేసు ఈ మాటను చివర కాదు, చెప్పబోయే మాటకి ముందే పెడతాడు, యోహాను సువార్తలో అయితే రెండేసి సార్లు. తెలుగు బైబిల్లో అక్కడ 'నిశ్చయముగా' అని తెనిగించారు కాబట్టి మనకి అది ఆమేన్ అని తెలియదు. ప్రార్థన చివర ఉన్నదాన్ని మాత్రం తెనిగించకుండా అలాగే ఉంచారు. మాట ఒక్కటే, ఒకచోట తెలుగైంది, ఇంకోచోట కాలేదు.

వరంగల్ మాస్టారు పైకి కనిపించే విరుపే (ఆమెను + అన్నవారు, అంటే తిట్టినవారు) పట్టుకున్నారు:

రాము నడవి కంపె రాణి కైక యటంచు
భరతుఁ డలిగి తిట్టి పాదుకలను
తలను మోసి తెచ్చి ధర్మము నిలిపెను
ఆమెనన్నవారి కబ్బె శుభము

మాస్టారూ, సమస్య ఇచ్చేటప్పుడు ఇలా ఒక్కరైనా వెళ్తారని ఎదురుచూశాను. మూడో పాదంతో వాక్యం పూర్తయిపోయింది కాబట్టి సమస్యా పాదం హాయిగా విడిగా నిలబడింది. ఒక్క సందేహం. 'భరతుఁడు' ఏకవచనం, 'అన్నవారు' బహువచనం. ఎలా సమర్థిస్తారు?

మాస్టారి జవాబు: "కైకను అన్నది భరతుడొక్కడేనా నాయనా? సుమంత్రుడు నిష్ఠూరంగా మాట్లాడాడు, వసిష్ఠులవారూ మందలించారు. వాళ్లందరినీ కలిపితే 'వారు'."

ఒప్పుకున్నాను. అయోధ్యకాండ చదివినవాళ్లకి ఆ జవాబు చాలు. పద్యంలో మాత్రం వాళ్లు లేరు కదా అని ఎవరైనా అంటే అదీ నిజమే.

డాలస్ అక్క పూరణ, మొదట పంపిన రూపంలోనే ఇస్తున్నాను:

చెడ్డ పనుల నెల్ల శపియించి చదువంగ
కొండ చెంత జనము గుండె బిగిసి
పదియు రెండు సార్లు భయముతో బదులుగా
ఆమెనన్నవారి కబ్బె శుభము

అక్కా, మొదటి పాదంలో యతి తప్పింది. చ, శ హల్లులకి మైత్రి ఉంది, కానీ 'చె'లో ఎకారం, 'శ'లో అకారం, అచ్చులు కలవలేదు. "చెడ్డ పనుల కెల్ల శిక్షలు చదువంగ" అంటే చె–శి సరిపోతుంది, గణాలూ చెడవు. (అక్క ఒప్పుకుని అలాగే మార్చారు.)

ఇక విషయం. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయంలో లేవీయులు (ఆలయ సేవ చేసే గోత్రంవాళ్లు) ఒక్కొక్క శాపం బిగ్గరగా చదువుతారు, ప్రజలంతా ఒక్కొక్కదానికి ఆమేన్ అంటారు, మొత్తం 12 సార్లు. తెనాలి తమ్ముడు కింద అడిగాడు, "శాపాలకి ఆమేన్ అంటే శుభం ఎలా వస్తుందక్కా, నాలుగో పాదం అతకలేదు" అని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ శాపాలు ఎవరికో చదివి చూడు తమ్ముడూ. పొరుగువాడి పొలం సరిహద్దు రాయి జరిపినవాడికి. గుడ్డివాణ్ణి దారి తప్పించినవాడికి. పరదేశికీ, తండ్రి లేనివాడికీ, విధవరాలికీ న్యాయం తప్పించినవాడికి. మన ఊళ్లలో గట్టు జరిపిన గొడవలు ఎన్ని తరాలు నడుస్తాయో నీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి పని నేను చేస్తే ఆ శాపం నాకే తగలనీ అని అందరి ముందు నిలబడి ఒప్పుకోవడం అక్కడ ఆమేన్. తథాస్తు అని ఎదుటివాణ్ణి దీవించడం తేలిక, నా మీదికి నేనే తెచ్చుకునే తథాస్తుకి ధైర్యం కావాలి. ఊరంతా అలా ఒప్పుకుంటే గట్లు కదలవు, శుభం అదే. అక్క 'గుండె బిగిసి' అన్నది అందుకే అతికింది.

కర్నూలు భాయ్ పూరణ:

దోసిలెత్తి నాని దువ చేయ నింటిలో
మసక వెలుగులోన మనుమ లెల్ల
చిన్న గొంతుకలను జేర్చుచు మురిపాన
ఆమెనన్నవారి కబ్బె శుభము

పద్యంతో పాటు భాయ్ ఇలా రాశారు: "మేము ఆమీన్ అంటాం, కానీ అది పాదంలో పట్టదు. మా ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో హనఫీలు నమాజులో ఫాతిహా (ఖురాన్ మొదటి అధ్యాయం) తర్వాత ఆమీన్ మెల్లగా అనుకుంటారు, షాఫియీలు బిగ్గరగా అంటారు. హైదరాబాద్ బార్కస్‌లో అరబ్బు మూలాలవాళ్లు షాఫియీలే. కానీ ఇంట్లో నాని (అమ్మమ్మ) దువా (ప్రార్థన) చేస్తుంటే పిల్లలందరం గట్టిగా అరిచేవాళ్లం, ఎవరు గట్టిగా అంటే వాళ్లకి ఖర్జూరం."

'దువా'ను 'దువ' అని కుదించడాన్ని కొందరు ఒప్పుకోరు, నేను ఒప్పుకుంటాను. దోసిలెత్తి–దువ యతి చెవికి ఎంత ఇంపుగా ఉందో చూడండి. 'మసక వెలుగు' ఒక్క మాటతో మగ్రిబ్ (పొద్దుగూకే నమాజు) వేళ ఇల్లు కళ్లకి కట్టింది. మన ఇళ్లలో కూడా ఆ వేళకే కదా అమ్మమ్మలు "చెడు మాటలాడకు, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అని పిల్లల నోరు మూయించేది.

ఇక్కడే ఇంకోటి చెప్పాలి. ఆమీన్‌లో ఉన్న అ-మ-న అనే మూడక్షరాల కుదురే ఈమాన్ (విశ్వాసం)లోనూ, అమానత్ (నమ్మి అప్పజెప్పినది)లోనూ ఉంది. అమానత్ మన లెక్కల పుస్తకాల్లోకి వచ్చి అక్షరాలు తారుమారై 'అనామతు' అయింది. అనామతు ఖాతా రాసే గుమాస్తాకి తెలియకపోవచ్చు గాని, నమ్మి అప్పజెప్పిన సొమ్ముకీ ప్రార్థన చివరి మాటకీ ఒకటే వేరు.

విశాఖ మిత్రుడు, ఎప్పుడూ ఎక్కడి కథో తెచ్చేవారు, ఈసారి ఈజిప్టు దాకా వెళ్లారు:

మాట వినఁగరాని మందిరమ్మునఁ జెండ
కదలఁ జూచి జనులు కనులు మూసి
దూరమందు నిలిచి తోడుగా నొక్కటై
ఆమెనన్నవారి కబ్బె శుభము

ఇది యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తల్మూదులో ఉన్న వర్ణన. అలెగ్జాండ్రియాలో యూదుల ప్రార్థనా మందిరం ఎంత పెద్దదంటే, పెద్దలకి 71 బంగారు పీఠాలుండేవట, వెనకవాళ్లకి చదివేవాడి గొంతు చేరేది కాదట. మధ్యలో చెక్క వేదిక మీద ఒకాయన నిలబడి ఆమెన్ అనాల్సినప్పుడల్లా గుడ్డ ఊపితే అందరూ ఒక్కసారిగా అనేవాళ్లు. 'దూరమందు నిలిచి తోడుగా' అనేది ఈ వారం పూరణలన్నిటిలో నాకు బాగా పట్టిన పలుకుబడి. 'జెండ' అని చివరి దీర్ఘం కోయడం మాత్రం కొంచెం గుచ్చుకుంది, మొదటి పాదం వేరేలా ప్రయత్నించండి.

డాలస్ అక్క ఆక్షేపణ: "అదే తల్మూదులో వినకుండా చెప్పే ఆమెన్‌ను అనాథ ఆమెన్ అన్నారు, అలా అనకూడదన్నారు. మరి వీళ్లు విననే లేదుగా?" అక్కా, దీనికి అక్కడి పండితులే జవాబు వెతికారు. చెవికి వినపడకపోయినా, గుడ్డ ఊగినప్పుడు ఏ ప్రార్థన అయిందో వాళ్లకి తెలుసు. ఏం చదివారో తెలిసి అన్నది అనాథ కాదు. పౌలు కొరింథీయులకి రాసిన మొదటి ఉత్తరంలో అడిగేదీ ఇదే, నువ్వు తెలియని భాషలో ప్రార్థిస్తే పక్కన కూర్చున్న సామాన్యుడు దేనికని ఆమేన్ అంటాడు అని.

ఈ గీటురాయితో చూస్తే నాకు బాధ కలిగించేది ఫోన్లో రోజూ వచ్చే "ఆమేన్ అని టైప్ చేయండి, ఈ రాత్రి మీకు అద్భుతం జరుగుతుంది" బాపతు పోస్టులు. చదవకుండానే వందల మంది పెడతారు. తానా అంటే తందానా అనడం వేరు, కథకి ఊ కొట్టడం వేరు. ఊ కొట్టేవాడు వింటున్నాడు, వాడు ఆగితే కథ చెప్పేవాడూ ఆగుతాడు. నా లెక్కలో ఆమెన్ ఆ 'ఊ'కి దగ్గర చుట్టం. ఛాందోగ్య ఉపనిషత్తులో ఓంకారాన్నే 'అనుజ్ఞాక్షరం' అన్నారు, అంటే ఒప్పుకోలు తెలిపే అక్షరమని, ఎవరైనా దేనికైనా సరేనంటే ఓం అనే అంటారని. బౌద్ధులు ధర్మం విన్నాక మూడుసార్లు సాధు అంటారు. వీధిలో మనం "నీ నోట్లో పంచదార పొయ్య" అంటాం. ఇవన్నీ విన్నవాడి మాటలే, చెప్పినవాడివి కావు.

మాస్టారు మధ్యలో ఒక ముచ్చట అడిగారు, కటపయాదిలా (అక్షరాలకి అంకెలిచ్చే మన పాత పద్ధతి) ఈ మాటకి అంకె ఏమైనా ఉందా అని. ఉంది మాస్టారూ. గ్రీకు అక్షరాలకి సంఖ్యలుంటాయి, ఆమెన్ అక్షరాలు కూడితే 1, 40, 8, 50, మొత్తం 99. పాత క్రైస్తవుల పపైరస్ ఉత్తరాల్లో చివర ఆ మాట బదులు 99 అంకె వేసిన సందర్భాలున్నాయి. దీని మీద ఎవరైనా పూరణ చేస్తే చూడాలని ఉంది.

ఇక నా పూరణ. ఎందుకు రాశానో ముందు చెప్తాను. మా అమ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పక్కింటి అత్తయ్య రోజూ సాయంత్రం వచ్చి మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. మాది పూజలు చేసుకునే ఇల్లు, ఆవిడది చర్చి. మొదటి రోజు ప్రార్థన అయ్యాక ఆవిడ ఆమేన్ అని అమ్మ వైపు చూసింది. అమ్మ పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. అప్పుడు అత్తయ్య అమ్మ చెయ్యి పట్టుకుని ఇంకోసారి, ఈసారి మెల్లగా, ఆమేన్ అంది. అది అమ్మ తరఫున అన్నది. ఆ తర్వాత రోజూ రెండుసార్లు అనేది, ఒకటి తనది, ఒకటి అమ్మది. పదో రోజో పన్నెండో రోజో అత్తయ్యకి జలుబు చేసి గొంతు పోతే, ఆ రెండోది నేనన్నాను.

చెప్పువాని మాట చేరదు పైదాక
వినెడి వాని మాట వెంట లేక
మూగవారి మొఱను మోసిరి తమ నోట
ఆమెనన్నవారి కబ్బె శుభము

వరంగల్ మాస్టారి విమర్శ: "భావం గురించి ఏమీ అనను నాయనా, రెండుసార్లు చదువుకున్నాను. కానీ మొదటి రెండు పాదాల్లో 'మాట' రెండుసార్లు వచ్చింది, పునరుక్తి. రెండోదాన్ని 'పలుకు' చెయ్యి, న గణమే కాబట్టి నడక చెడదు."

మార్చాను మాస్టారూ, "వినెడి వాని పలుకు వెంట లేక". ఈ దిద్దుబాటుతోనే సంకలనంలో వేస్తాను. పూరణలు ఆదివారం రాత్రి దాకా తీసుకుంటాను, వచ్చే వారం కందం.