అప్‌డేట్: వీధికుక్కల మీదికి దూకే మా లాబ్రడార్, ముళ్ల కాలర్ అవసరం రాలేదు

నడకకు తీసుకెళ్తే వీధికుక్కల మీదికి దూకుతున్న మా లాబ్రడార్‌కు ముళ్ల కాలర్ (లాగితే మెడకు గుచ్చుకునేది) వేయాలా, తినుబండారాలతో నేర్పాలా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. సమస్య దాదాపు తీరింది.

"ముందు పశువైద్యుడికి చూపించండి" అన్న సలహాయే దారి చూపింది. హనుమకొండలో డాక్టరు పరీక్షించి చెవిలో ఇన్ఫెక్షన్ ఉందన్నారు. గొలుసు లాగినప్పుడల్లా కాలర్ చెవుల కింద ఒత్తుకునేది. ఎదుట కుక్క కనబడటం, వెంటనే నొప్పి. ఈ రెండూ దాని మనసులో ముడిపడ్డాయని, ముళ్ల కాలర్ ఆ ముడిని ఇంకా బిగిస్తుందని ఆయన వివరించారు. అది మొరుగుడును అణచవచ్చు గానీ భయాన్ని తగ్గించదు. ఇలాగే నొప్పితో అదుపు చేసే షాక్ కాలర్లను (కరెంటు షాక్ ఇచ్చేవి) వేల్స్‌లో 2010లోనే నిషేధించారు, నాకైతే అది సరైన పనే.

చెవికి మందు, మెడకు బదులు ఛాతీకి పట్టీ. వడ్డేపల్లి చెరువు వైపు ఉదయం నడకలో, దూరంగా కుక్క కనబడగానే, ఇది మొరగకముందే, ఉప్పు లేకుండా ఉడికించిన కోడి ముక్క పెట్టాం. ముక్క ముట్టకపోతే మరీ దగ్గరికి వచ్చామని అర్థం, వెనక్కి వెళ్లాలి. దూరాన్ని మెల్లగా తగ్గించాం. ఇప్పుడు కుక్కను చూస్తే నా ముఖం వైపే తిరుగుతుంది!

జవాబుల్లో వచ్చిన తిండి మార్చడం, జాతి స్వభావం అన్న చర్చలకు మా విషయంలో సంబంధం లేదు. గుంపుగా కుక్కలు ఎదురైతే మాత్రం ఇప్పటికీ రోడ్డు దాటేస్తున్నాం.