యుద్ధఖైదీల విషయంలో దేశాలు జెనీవా ఒప్పందాన్ని నిజంగా పాటిస్తాయా?

ప్రశ్న: న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. 1949 నాటి జెనీవా ఒప్పందాలను మన దేశం 1950లో, పాకిస్తాన్ ఆ మరుసటి ఏడాది ఆమోదించాయి. మనం 1960లో వాటి కోసం ప్రత్యేకంగా ఒక చట్టం కూడా చేసుకున్నాం. ఇంతవరకు అర్థమైంది కానీ, కార్గిల్ యుద్ధం దగ్గరకు వచ్చేసరికి నాకు పొంతన కుదరడం లేదు. 1999 మే 27న మిగ్-27 యుద్ధవిమానం నుంచి పారాషూట్‌తో దూకి పాకిస్తాన్ సైన్యానికి చిక్కిన ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత, వారం తిరిగేసరికి జూన్ 3న రెడ్‌క్రాస్ చేతుల మీదుగా విడుదలయ్యారు. అదే మే నెలలో కక్సర్ ప్రాంతంలో గస్తీకి వెళ్లి పట్టుబడిన కెప్టెన్ సౌరభ్ కాలియా, ఆయన వెంట ఉన్న ఐదుగురు జవాన్లు మాత్రం ప్రాణాలతో తిరిగి రాలేదు. జూన్‌లో అప్పగించిన వారి మృతదేహాల మీద చిత్రహింసల గుర్తులున్నాయని మన శవపరీక్షలో తేలింది. పాకిస్తాన్ ఆ మాటను ఒప్పుకోలేదు. యుద్ధం ఒకటే, పట్టుకున్న సైన్యం ఒకటే, వర్తించే ఒప్పందం ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు: విశ్రాంత సైనికాధికారి, తిరుపతి

అమ్మా, ఆ రెండు సంఘటనల మధ్య ఏం మారిందో చూడండి. కాలియా బృందం పట్టుబడేనాటికి నియంత్రణ రేఖ దాటి వచ్చినవారు తమ సైనికులు కారని, ముజాహిదీన్లని పాకిస్తాన్ ప్రభుత్వం చెబుతోంది. సైన్యమే అక్కడ లేదన్నప్పుడు దాని చేతిలో ఖైదీలు ఉన్నారని ఒప్పుకునే వీలు లేదు. ఒప్పుకోని ఖైదీకి పేరుండదు, లెక్కుండదు, అడిగే నాథుడుండడు. నచికేత విషయం అలా కాదు. ఆయన చిక్కిన సంగతి వెంటనే ప్రపంచానికంతటికీ తెలిసిపోయింది. అయినా, పట్టుకున్న సైనికులు తనను మొదట కొట్టారనీ, ఒక పై అధికారి వచ్చి ఆపాడనీ ఆయనే తరువాత చెప్పారు. అంటే చట్టం ఆయనను కాపాడింది పట్టుబడిన క్షణాన కాదు, బాధ్యత తెలిసిన ఒక అధికారి అక్కడికి చేరిన తరువాతే.

యుద్ధఖైదీలకు సంబంధించిన మూడో జెనీవా ఒప్పందంలోని 70వ అధికరణం చదవండి. పట్టుబడిన వెంటనే, లేదా శిబిరానికి చేరిన వారంలోగా ఖైదీ తన ఇంటికి ఒకటి, ఖైదీల వివరాలు భద్రపరిచే కేంద్ర సంస్థకు ఒకటి కార్డు రాసుకునేలా చూడాలి. మాయం చేయాలనుకున్న మనిషి చేత ఆ కార్డు ఎవరూ రాయించరు. 1971 యుద్ధంలో గల్లంతైన మన సైనికుల్లో 54 మంది పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారని మన వైపు జాబితా ఉంది, తమ దగ్గర ఎవరూ లేరన్నది వారి మాట. 2007లో 14 మంది బంధువులు అక్కడి జైళ్లు తిరిగి, తమవారు కనిపించక వెనక్కి వచ్చారు. ఆ 54 మందిలో ఒక్కొక్కరి పేరిట ఒక్కొక్క కార్డు ఆ కేంద్ర సంస్థకు చేరి ఉంటే, ఆ కుటుంబాలు అంతకాలం ఎదురుచూడవలసి వచ్చేది కాదు. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

జవాబు: చరిత్ర ఉపాధ్యాయుడు, వరంగల్

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను, అయితే ఎదుటివారి తప్పులతోనే ఆగిపోకూడదు. 1971 డిసెంబరు 16న ఢాకాలో కుదిరిన లొంగుబాటుతో మన చేతికి చిక్కిన పాకిస్తానీయులు, పౌరులతో కలిపి, సుమారు 93,000 మంది. మా నాన్నగారు 1972లో వారిని ఉంచిన ఒక శిబిరంలో కాపలా విధుల్లో ఉండేవారు. నెలకు రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులకు తగ్గకుండా రాసుకోనివ్వాలని ఒప్పందం చెబుతుంది. ఉత్తరాలు పంచే రోజున ఉర్దూలో తన పేరు పిలుస్తారా లేదా అని తలుపు దగ్గరే నిలబడిపోయే ఒక హవల్దారు గురించి మా ఇంట్లో ఎన్నోసార్లు విన్నాను. తిండి, వైద్యం, రెడ్‌క్రాస్ సందర్శనల విషయంలో మన దేశం మాట నిలబెట్టుకుందనే నా నమ్మకం.

కానీ క్రియాశీలమైన పోరాటం ముగిశాక ఖైదీలను ఆలస్యం చేయకుండా పంపాలని 118వ అధికరణం స్పష్టంగా అంటుంది. పోరు ఆగింది 1971 డిసెంబరులో, వారిని పంపేందుకు ఢిల్లీ ఒప్పందం కుదిరింది 1973 ఆగస్టు 28న, చివరివారు ఇల్లు చేరింది 1974 ఏప్రిల్‌లో. వారు లొంగిపోయింది భారత, బంగ్లాదేశ్ ఉమ్మడి సేనకు కనుక బంగ్లాదేశ్ సమ్మతి లేకుండా పంపలేమని మన ప్రభుత్వం వాదించింది. ఆ వాదనలో బలం లేకపోలేదు, ఎందుకంటే ఆ దేశాన్ని పాకిస్తాన్ అప్పటికి గుర్తించనే లేదు. అయినా ఆ ఖైదీలు చర్చల్లో మన చేతిలోని పట్టుగా ఉన్నారన్నది కాదనలేని నిజం, అధికరణంలో అందుకు చోటు లేదు. ఖైదీని బాగా చూసుకోవడం ఒక బాధ్యత, సకాలంలో వదలడం ఇంకొకటి. మొదటిదాన్ని పాటించిన దేశమే రెండోదాన్ని దాటవేయగలదు. అందువల్ల ‘పాటిస్తాయా’ అని మొత్తంగా కాక, ఏ అధికరణాన్ని, ఏ దశలో అని అడగడం మంచిది.

జవాబు: పాత్రికేయురాలు, హైదరాబాదు

2019 ఫిబ్రవరి 27 నాటి వీడియోలో పాకిస్తాన్‌లో పట్టుబడి కళ్లకు గంతలతో ఉన్న మన వాయుసేన వింగ్ కమాండర్ అభినందన్ తన పేరు, సర్వీసు నంబరు చెప్పి, తాను పాకిస్తాన్ సైన్యం చేతిలో ఉన్నానా అని అడిగారు. పైవారు కార్డు గురించి రాసినది చదివాక ఆ ప్రశ్న విలువ నాకు బోధపడింది. తనను పట్టుకున్నది గుంపో సైన్యమో తెలిస్తే తప్ప, తనకు ఏ చట్టం అండగా ఉందో ఆయనకు తెలియదు. ఖైదీని జనానికి వినోదంగా చూపరాదన్న 13వ అధికరణాన్ని ఆ వీడియోలు ఉల్లంఘించాయి, మన ప్రభుత్వం అభ్యంతరం కూడా తెలిపింది. కానీ ఆయన సజీవంగా, సైన్యం చేతిలోనే ఉన్నారని అందరికీ రుజువు చేసినవీ అవే వీడియోలు. మార్చి 1న ఆయన వాఘా దాటి వచ్చారు.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. 118వ అధికరణం మీదే నా వ్యాసం రాస్తాను. ఆ ఆలస్యంపై అంతర్జాతీయ న్యాయస్థానం ఏమైనా తీర్పు ఇచ్చిందా?

జవాబు: చరిత్ర ఉపాధ్యాయుడు, వరంగల్

లేదమ్మా. పాకిస్తాన్ 1973 మేలో అక్కడికి వెళ్లిన మాట నిజమే కానీ, అది యుద్ధనేరాల ఆరోపణలున్న 195 మందిని విచారణ కోసం బంగ్లాదేశ్‌కు అప్పగించరాదన్న వ్యాజ్యం. డిసెంబరులో దాన్ని తానే ఉపసంహరించుకుంది. ఆ 195 మంది కూడా 1974 ఏప్రిల్‌లో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ చేసుకున్న త్రైపాక్షిక ఒప్పందంతో విచారణ లేకుండానే వెళ్లిపోయారు. మీ వ్యాసంలో ఆ సంగతికి ఒక పేజీ కేటాయించండి, ఎందుకంటే బంగ్లాదేశ్‌లో న్యాయం కోసం ఎదురుచూసినవారి లెక్క అక్కడే ఆగిపోయింది.